ఏ బ్రౌజరు భద్రమని అడిగితే

నా ఉద్యోగానికి కాగితం మీద పెద్ద పేరే ఉండేది. జనం మాత్రం 'కంప్యూటర్ల సార్' అనేవాళ్ళు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కడపకు చెందిన ఒక ప్రైవేటు కంపెనీ ఆన్‌లైన్ సేవా కేంద్రాలు నడిపేది. కరెంటు బిల్లులు, కుల ధ్రువపత్రాలు, పాస్‌పోర్టు దరఖాస్తులు, కాలేజీ సీట్లు, కువైట్ వీసా కాగితాల ప్రింట్లు, అన్నీ అక్కడే. ఆ కేంద్రాల్లో కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం నా పని. సగం ఉద్యోగం బస్సుల్లోనే గడిచింది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. జీతం సంగతి అయ్యాక దాదాపు అందరూ అడిగేది ఒకటే. "సార్, ఉన్నవాటిలో ఏ బ్రౌజరు సేఫ్?"

ఒకప్పుడు ఆ ప్రశ్నకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పాను. ఆ జవాబు తప్పు కాదు. అయినా ఆ జవాబు చెప్పిన ఊపులో నేను చేసిన పని వల్ల ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయే దాకా వచ్చింది. ఒక మంచి మనిషి మీద దొంగ అనే మాట పడింది. ఆ సంగతి రాస్తే మిగతా ఉద్యోగం గురించి పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

నీలం ఈ, నక్క, రంగుల చక్రం

మా కేంద్రాల్లో బ్రౌజర్ల అసలు పేర్లు ఎవరూ పలికేవాళ్ళు కాదు. తెర మీద కనిపించే బొమ్మను బట్టే పేర్లు. పాతది నీలం ఈ, అంటే నీలిరంగు ఇంగ్లీషు 'e' అక్షరం. రెండోది నక్క. మూడోది రంగుల చక్రం. ఫోన్లో సాయం చెయ్యాల్సి వచ్చినప్పుడు నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. "నక్కను మూసి చక్రం తెరువప్పా" అంటే చాలు, అవతల పని జరిగిపోయేది.

ఒక కేంద్రంలో నీలం ఈ నిండా ఎవరూ అడగని టూల్‌బార్ పట్టీలు పేరుకుపోయి, పేజీ కనిపించే జాగా జానెడు మిగిలింది. అది చూశాక కడపలోని మా మేనేజరు విశ్వనాథం గారు ఏ బ్రౌజరు భద్రమో తేల్చి చెప్పమన్నారు. నాకు ఆ పని బాగా నచ్చింది. ఉద్యోగంలో మొదటిసారి ఎవరో నన్ను పాడైంది బాగుచెయ్యమని కాకుండా, ఒక విషయం తెలుసుకురమ్మన్నారు.

మూడు ఊళ్ళలో మూడు బ్రౌజర్లనూ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. మోసపు సైట్లను పట్టుకుంటాయో లేదో చూడటానికి ప్రత్యేకంగా తయారుచేసిన ఉత్తుత్తి పేజీలు ఉంటాయి. వాటిని ఒక్కోదాంట్లో తెరిచి, ఏది ఎర్రతెర చూపించి ఆపుతుందో, ఏది ఊరుకుంటుందో గమనించాను. ఒక పేజీలో చెడ్డ ప్రోగ్రాం జొరబడితే అది పక్క పేజీకి పాకకుండా ఏది అడ్డుగోడ కడుతుందో చదివాను. అప్పటికి చక్రం ఈ విషయంలో ముందుంది. ఒక్కో పేజీని ఒక్కో గదిలో పెట్టి తలుపు వేసినట్టు నడిపేది. నక్క ఆ దారిలోనే ఉంది గాని ఇంకా పూర్తిగా చేరలేదు. నీలం ఈ అయితే, ఇల్లంతా ఒకే హాలు. కానీ వేలిముద్రల యంత్రం దాంట్లో తప్ప పనిచేసేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని తీసెయ్యలేకపోయారు.

కాగితం మీద పోలిక ఇంతవరకే. కేంద్రాల్లో కూర్చుని చూస్తే కనిపించింది వేరు.

ప్రొద్దుటూరు కేంద్రానికి మంచి ఇన్వర్టరు ఉండేది. పులివెందులలో ఉన్నది పాతది, కరెంటు పోతే దాంతోపాటే ఆగిపోయేది. రెండు చోట్లా ఒకే చక్రం, ఒకే రోజు నేను పెట్టినదే. కొన్ని వారాల తర్వాత చూస్తే పులివెందులలోది కొత్తగా ఉంది, ప్రొద్దుటూరులోది పాతబడిపోయింది. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. నెట్ స్పీడు అనుకున్నాను, డిస్కులో జాగా లేదేమో అనుకున్నాను. అసలు కారణం ఏమిటంటే, చక్రం తన మరమ్మతులు, అంటే అప్‌డేట్లు, తనే తెచ్చుకుంటుంది గాని, ఒకసారి మూసి తెరిస్తేనే అవి ఒంటబట్టేది. పులివెందులలో కరెంటు పోయినప్పుడల్లా అది మూసుకుని తెరుచుకునేది. ప్రొద్దుటూరులో దాన్ని ఎవరూ మూసేవాళ్ళు కాదు. ఇన్వర్టరు మంచిదైనందుకు అక్కడి బ్రౌజరు భద్రత తగ్గింది.

పులివెందుల కేంద్రం నడిపే ఓబుళేసుకు ఈ మాట చెబితే వారం రోజులు నవ్వాడు. "అయితే సార్, లైన్‌మ్యానే మాకు సెక్యూరిటీ అంటారు."

ఎర్రతెర విషయమూ అంతే. మూడూ బాగానే హెచ్చరించేవి. కానీ రోజూ వాడక తప్పని కొన్ని సైట్లకు సర్టిఫికెట్టు గడువు దాటి ఉండేది, వాటికీ ఎర్రతెర వచ్చేది. దాన్ని దాటి పోవడానికి ఎక్కడ నొక్కాలో నేనే అందరికీ నేర్పాను. అలా నేర్చుకున్నవాళ్ళకు నిజమైన మోసపు సైటు ఎదురైనా చెయ్యి ఆగేది కాదు. మూడు బ్రౌజర్ల మధ్య ఉన్న తేడా నా పాఠంతో అలా తుడిచిపెట్టుకుపోయింది.

ఒక్క ముక్కలో చెప్పండి

ఇవన్నీ రాసుకుని కడపకు పోయాను. విశ్వనాథం గారిది బందరు వైపు. నెమ్మదైన మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగరు. ఆయనకున్న ఒకే ఒక బలహీనత, ఏదైనా ఒక్క వాక్యంలో తేలిపోవాలి.

"ఇదంతా బాగుందండి. ఇంతకీ ఏది? ఒక్క ముక్కలో చెప్పండి."

"చక్రం సార్."

"అయితే అన్ని కేంద్రాల్లోనూ అదే పెట్టేయండి. అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒక ఊళ్ళో మార్చింది ఇంకో ఊళ్ళోనూ మారితే మీకూ తిరుగుడు తప్పుతుంది కదా."

ఆయన బలహీనత నాకు తెలుసు. ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగిన మనిషిగా కనిపించాలన్న నా బలహీనత అప్పటికి నాకు తెలియదు. కరెంటు సంగతి, ఎర్రతెర సంగతి నా సంచిలోనే ఉండిపోయాయి.

ఒకేలా ఉండటానికి నేను ఎంచుకున్న దారి చాలా తేలిక. ఒక ఈమెయిలు ఖాతా తెరిచి, మూడు ఊళ్ళ చక్రాలనూ ఆ ఒక్క ఖాతాతోనే కట్టేశాను. ప్రొద్దుటూరులో ఒక సైటు గుర్తు పెడితే జమ్మలమడుగులో, పులివెందులలో దానంతట అదే వచ్చేది. ఖాతా పెట్టేటప్పుడు ఏవేవి పంచుకోవాలని బ్రౌజరు అడిగింది. 'అన్నీ' అన్న చోట ముందే టిక్కు ఉంది. ఆ 'అన్నీ' కింద ఏమున్నాయో తెరిచి చూడలేదు.

మా కేంద్రాల్లో ఒక అలవాటు ఉండేది, అదీ చెప్పాలి. వచ్చినవాళ్ళెవరూ పాస్‌వర్డు తాము పెట్టుకునేవాళ్ళు కాదు. "నువ్వే ఏదో ఒకటి పెట్టప్పా, నాకు యాడ గుర్తుంటుంది" అనేవాళ్ళు. కేంద్రం నడిపేవాడు ఏదో పెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు అక్కరకొస్తుందని బ్రౌజరులోనే దాచేవాడు. లాగిన్ పేర్లు ఎలా పెట్టాలో నేనే నేర్పాను. ముందు మనిషి పేరు, తర్వాత ఇంటిపేరు. మూడు కేంద్రాలవాళ్ళూ అలాగే పెట్టేవాళ్ళు. ఊరు మొత్తం తాళంచెవులు కేంద్రంలో ఉన్నట్టే. అందులో మోసం ఏమీ లేదు, నమ్మకమే ఉంది.

జమ్మలమడుగు నుంచి ఫోను

డిప్లొమా సీట్లకు కౌన్సెలింగు జరిగే రోజులవి. ఏ కాలేజీ కావాలో పిల్లలు వరుసగా ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. గడువు లోపల ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గడువు దాటాక ఏ వరుస ఉంటే దాని ప్రకారమే సీటు. మార్చినప్పుడల్లా ఇంటివాళ్ళ ఫోనుకు మెసేజ్ వచ్చేది. ఓటీపీలు ఇంకా రాలేదు.

జమ్మలమడుగు కేంద్రం నడిపే ఖాదర్ ఫోను చేసి, "సార్, ఒకసారి రావాల. ఈడ గలాటాగా ఉండాది" అన్నాడు.

పోయేసరికి పరుపుల అంగడి మహబూబ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన కూతురు రేష్మా. మహబూబ్ నన్ను చూసి లేచి ఫోను ముందుకు చాపాడు.

"సారూ, మేం అన్నం తింటాంటే మెసేజ్ వచ్చింది, ఆప్షన్లు సేవ్ అయినాయని. ఇంట్లో ఎవురూ ముట్టుకోలే. ఈడికొచ్చి చూస్తే పొద్దుటూరు ఎగిరిపోయింది, అన్నిటికంటే పైన పులివెందుల కూర్చోనుంది."

"మామా, నేను పెట్టింది నీ ముందరే కదా" అన్నాడు ఖాదర్.

"ముందర పెట్టింది సరే. నేను పోయినాక ఏం పెట్టినావో నాకేం తెల్సు?"

ఆప్షన్లే కదా, మళ్ళీ మార్చుకోవచ్చు కదా అన్నాను. మహబూబ్ నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"పొద్దుటూరు అయితే పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. పులివెందుల అంటే హాస్టల్లో ఉండాల. వాళ్ళమ్మ పంపదు. నేనూ పంపను."

రేష్మా మధ్యలో కల్పించుకుంది. "పులివెందులలో పడితే నేను పరుపుల్లోకి దూది కూరుకుంటా ఉండాల సార్" అంది. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఎలక్ట్రానిక్స్ చదవాలని ఆ పిల్ల కోరిక. గడువు ఇంకా మూడో రోజు సాయంత్రం దాకా ఉంది.

అప్పట్లో కొన్ని ప్రైవేటు కాలేజీల మనుషులు పిల్లల పాస్‌వర్డులు సంపాదించి తమ కాలేజీకే ఆప్షన్లు పెట్టుకుంటున్నారని అందరూ చెప్పుకునేవాళ్ళు. అలాంటిదేనా? లేక వేలిముద్రల కోసం వదిలిన నీలం ఈ నుంచి ఏదైనా దొంగ ప్రోగ్రాం దూరిందా? నా అనుమానం రెండోదాని మీద పడింది. పాతదాని మీద అనుమానం రావడం తేలిక కదా. నీలం ఈని ఆపేశాను. వైరస్ స్కాన్ చేశాను, ఏమీ దొరకలేదు. చక్రంలో పాస్‌వర్డు మార్పించాను, ఆప్షన్లు సరిచేయించాను. చక్రం ఏదో అడిగింది, నేను మౌసు అందుకుని 'అవును' నొక్కి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

మరుసటి రోజు మళ్ళీ మెసేజ్ వచ్చింది. మళ్ళీ పులివెందులే పైన.

తీగ పీకిన రోజు

మళ్ళీ జమ్మలమడుగు పోయాను. పాత పాస్‌వర్డు బయటికి పోయి ఉండొచ్చు. కొత్తది నిన్ననే పెట్టాం. నీలం ఈ లేదు, వైరస్ లేదు. మహబూబ్ వింటుండగానే అనేశాను.

"ఖాదర్, కొత్త పాస్‌వర్డు తెలిసింది ముగ్గురికే. నేను, ఆ పాప, నువ్వు."

"అయితే నేనే అంటారా సార్?"

"నేను అట్ల అనలేదు."

"అనలేదు గాని లెక్క చెప్పినారు కదా."

మహబూబ్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు, అంతే.

మళ్ళీ పాస్‌వర్డు మార్చాం. మళ్ళీ ప్రొద్దుటూరును పైకి తెచ్చాం. తండ్రీకూతుళ్ళు వెళ్ళిపోయాక ఖాదర్ బల్ల కిందికి వంగి కంప్యూటరు తీగ గోడ నుంచి పీకేశాడు. తన ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"రేపు సాయంత్రం దాకా దీన్ని మీ జేబులో పెట్టుకోండి సార్. కేంద్రం తాళాలు కూడా ఇదో. పొద్దున మీరే వచ్చి తెరవండి. నన్ను మూత్రానికి కూడా ఒంటిగా పంపొద్దు."

నవ్వులాటకు అన్న మాట కాదు అది.

పొద్దున నేనే తలుపు తెరిచాను. వచ్చినవాళ్ళను కంప్యూటరు చెడిపోయిందని పంపేశాం. ఖాదర్ టీ తెప్పించి నాకు ఇచ్చాడు, తను తాగలేదు. ఇద్దరం తీగ ఊడిన కంప్యూటరు ముందు కూర్చున్నాం. నేను టీ సగం తాగేసరికి మహబూబ్ వచ్చాడు, ఫోను చేతిలో పట్టుకుని.

"మళ్ళా వచ్చింది సారూ. ఈ సాయంత్రంతో ఆఖరంట."

"మిషన్ ఆన్ కూడా చెయ్యలేదు మామా. ఫోను సార్ జేబులో ఉండాది" అన్నాడు ఖాదర్.

"నీకుండేది ఒక మిషనేనా?" అని మహబూబ్ అంగడికి పోయాడు. పోతూ ఖాదర్ ముఖం వైపు చూడలేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది. అదీ ఒక తప్పేనేమో. ఖాదర్ నిర్దోషి అని నా కళ్ళ ముందే తేలింది. మరి ఎవరు? ఎలా? తీగ పెట్టి కంప్యూటరు తెరిచాను. చక్రంలో, ఏ సైట్లు ఎప్పుడు చూశామో చెప్పే చరిత్ర పేజీ తీశాను. అన్నిటికంటే పైన కౌన్సెలింగు సైటు ఉంది. పక్కన టైము చూశాను. అది మేము టీ తాగుతున్న టైము. తీగ నేల మీద పడి ఉన్నప్పుడు ఈ కంప్యూటరు ఆ సైటు చూసిందట.

ఖాదర్ నా భుజం మీదుగా చదివి, "ఏంది సార్ ఇది, దయ్యమా?" అన్నాడు.

దాని కింద ఇంకో వరుస ఉంది. అంతకు కాస్త ముందే ఎవరో చీనీకాయల, అంటే బత్తాయిల, మార్కెట్ రేటు వెతికారు.

"ఖాదర్, ఈడ చీనీ రేటు ఎవరు చూస్తారప్పా?"

"ఈడ యాడివి సార్ చీనీ తోటలు? మా ఊర్లో శనగలు, పత్తి. చీనీలంటే పులివెందులోళ్ళే కదా."

ఆ మాట అతని నోటి నుంచి వచ్చేటప్పటికే నేను జేబులోంచి నా ఫోను తీశాను.

పులివెందులకు ఫోను చేసి స్పీకర్లో పెట్టాను.

"ఓబుళేసూ, పొద్దున ఎవరివైనా ఆప్షన్లు పెట్టినావా?"

"పెట్టినా సార్. షేక్ రేష్మా అని ఒక పాపవి. ఎవుడో రోజూ మారుస్తాండాడు సార్. నేను పులివెందుల పెడితే వాడు పొద్దుటూరు పెడతాడు. ఆ ప్రైవేటు కాలేజోళ్ళ పనే ఇది. వాడు దొరకాల గాని."

"ఆ పాప పాస్‌వర్డు నీకెట్ల తెలుసు?"

"నాకేం తెల్సు సార్? వాళ్ళ స్కూలు సార్ పెట్టినాడంట, పాపకు గుర్తులేదు. పేరు సగం కొడితే బ్రౌజరే ఇచ్చింది. లోపల చూస్తే షేక్ రేష్మా అనే ఉండాది. మధ్యలో రెండుసార్లు పాస్‌వర్డు మారినా అదే పట్టుకొనింది. మీరు పెట్టింది శానా తెలివైంది సార్."

"ఆ పాప ఇంటికి మెసేజ్ వస్తాందా?"

"అదొక్కటే రావడంలే. వాళ్ళ నాయన రోజూ అడుగుతానే ఉండాడు. టవర్ లేదులే అని చెప్తాండా."

ఖాదర్ పెద్దగా నవ్వాడు. "మూడు దినాల్నుంచి నాతో కొట్లాడతాండేది నువ్వా ఓబుళేసూ" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి ఆపేశాడు.

ఇద్దరు షేక్ రేష్మాలు, ఒకరు జమ్మలమడుగులో, ఒకరు పులివెందులలో. ఎవరూ దొంగ కాదు, ఏ బ్రౌజరూ ఓడిపోలేదు. నేను టిక్కు తియ్యని 'అన్నీ'లో పాస్‌వర్డులూ ఉన్నాయి, చరిత్రా ఉంది. జమ్మలమడుగులో కొత్త పాస్‌వర్డు పెట్టిన ప్రతిసారీ, దాచిన పాతదాన్ని మార్చాలా అని చక్రం అడిగింది. రెండుసార్లూ 'అవును' అని నొక్కింది నా వేలే. నొక్కిన మరుక్షణం అది పులివెందుల చేరింది.

ముందు ఆ ఖాతాను మూడు ఊళ్ళ నుంచీ ఊడదీయించాను. ఖాదర్ రేష్మాను పిలిపించి పాస్‌వర్డు మార్పించి ప్రొద్దుటూరును పైకి తెచ్చాడు. అసలు చిక్కు రెండో రేష్మాతో. ఆ పిల్ల ఆప్షన్లన్నీ ఇంకొకరి ఖాతాలో పడ్డాయి కాబట్టి తన ఖాతాలో ఒక్కటీ లేదు. ఓబుళేసు వాళ్ళ స్కూలు సారును వెతికి, అసలు లాగిన్ తెలుసుకుని, సైటు మూసేలోపల పెట్టాడు. పెట్టగానే వాళ్ళ నాయన ఫోను మోగిందట. "టవర్ వచ్చింది సార్" అని నాకు చెప్పాడు.

సాంకేతిక సమస్య

ఆ సాయంత్రం మహబూబ్ అంగడికి పోయాను. ఆయన పరుపు అంచు కుడుతున్నాడు.

"సరిచేశాం. ఇంక మారదు. అదొక సాంకేతిక సమస్య."

సూది ఆపకుండా అన్నాడు, "సాంకేతిక సమస్య అంటే మీ భాషలో ఖాదరే కదా సారూ. పోనీలే. పేదోడు, పొట్టకూటికి ఏదో చేసినాడు. పాప సీటు నిలిస్తే చాలు."

కాదు అనడానికి ఒక్క మాట చాలు. నేను ఆ మాట అనలేదు. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. ఆ ఖాతా పెట్టింది తెలియక. ఇది తెలిసి చేశాను. ఈ రెండిటికీ మధ్య ఎంత దూరమో కుర్రవాళ్ళకు చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

విశ్వనాథం గారికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ పక్కకు జరిపారు.

"ఆ సెట్టింగులు మీరు చదివారా?"

"లేదు సార్."

"నేనూ అడగలేదండి. ఒక్క ముక్కలో చెప్పమన్నాను." ఆ తర్వాత నా దగ్గర ఆయన ఆ మాట మళ్ళీ వాడలేదు.

ఇప్పుడు అడిగితే

బ్రౌజర్లు ఇప్పుడు చాలా మారాయి. నీలం ఈ పోయింది, దాని స్థానంలో అలల బొమ్మది వచ్చింది. అడ్డుగోడలు దాదాపు అన్నిటికీ ఉన్నాయి, మరమ్మతులు అన్నీ తమంతట తామే తెచ్చుకుంటున్నాయి. వాటి మధ్య పోలిక చూడండి, వద్దనను. నాకు ఇప్పటికీ ఆ సరదా పోలేదు, కొత్తది ఏది వచ్చినా తెరిచి చూస్తాను. అయితే పోలిక మొదలుపెట్టాల్సింది కంపెనీవాళ్ళు రాసుకున్నదాంతో కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, బ్రౌజరును ఎప్పుడు మూస్తారు, అది ఎవరి ఖాతాతో తెరుచుకుంటుంది, అది గుర్తుపెట్టుకున్నవి ఇంకెవరికి కనిపిస్తాయి, ఇవి చూడండి. ఒక మనిషి ఇంట్లో భద్రంగా ఉండే బ్రౌజరే పదిమంది వచ్చిపోయే చోట ఎవరైనా దూరగల సందు తలుపు అవుతుంది. పాస్‌వర్డు దాచమంటావా అని అది అడిగితే, ఆ ప్రశ్న ఎవరిని అడుగుతోందో ముందు తేల్చుకోండి. నేను ఏళ్ళ తరబడి పక్కవాళ్ళ తరఫున జవాబు చెప్పాను.

ఇంకో మాట. పాస్‌వర్డు తెలిసింది ముగ్గురికే అని లెక్క కట్టినప్పుడు నాలుగోది ఆ బల్ల మీదే ఉంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. యంత్రం మీద అంత నమ్మకం, మనిషి మీద అంత అనుమానం నాకు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పటికీ తెలియదు.

గోడవైపు

రేష్మాకు ప్రొద్దుటూరులోనే సీటు వచ్చింది. రెండో రేష్మాకు పులివెందులలో వచ్చింది. ఇక్కడితో కథ బాగానే ముగిసిందని నేను అనుకుంటూ ఉండగా, ఒకరోజు జమ్మలమడుగులో ప్రింటరు చూడటానికి పోయాను. కేంద్రం ఖాళీగా ఉంది.

"జనం తగ్గినారేంది ఖాదర్?"

"మహబూబ్ మామ ఎవురికీ ఏం చెప్పలేదు సార్. కానీ నా సలాంకు బదులు చెప్పడంలే. అది చూసినోళ్ళు చాలు కదా."

ప్రింటరు విప్పినది విప్పినట్టే వదిలి పరుపుల అంగడికి పోయాను. ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామనిపించింది. ఆగితే మళ్ళీ బస్సు టైమవుతుందని తెలుసు. వాళ్ళ ముందే చెప్పాను. ఖాతా నాదని, టిక్కు నాదని, 'అవును' అని నొక్కింది నేనని, ఆరోజు ఇక్కడ నిలబడి నోరు మూసుకుంది కూడా నేనేనని.

మహబూబ్ దూది పక్కకు నెట్టి లేచాడు. "అయితే ఇన్నాళ్ళు నేను ఖాదర్‌తో ముఖం తిప్పుకున్నది నీ పుణ్యమా సారూ" అన్నాడు. 'మీ' నుంచి 'నీ'కి దిగింది. అది నాకు తగిందే. "రా పోదాం" అన్నాడు.

ఇంట్లో ఉన్న రేష్మాను కూడా పిలుచుకున్నాడు. ఫీజు దరఖాస్తు ఒకటి పెట్టాల్సి ఉందట, దాన్ని వేరే వీధిలోని నెట్ సెంటర్లో పెట్టించాలని అలాగే ఉంచారట. ముగ్గురం కేంద్రంలోకి పోయాం. మహబూబ్ గట్టిగా, బయట టీ బంకు దాకా వినపడేట్టు సలాం చెప్పాడు. ఖాదర్ లేచి నిలబడి బదులు చెప్పాడు. క్షమాపణల మాట ఎవరూ ఎత్తలేదు.

"పాప ఫీజుది ఏదో ఉందంట, చూడు" అన్నాడు మహబూబ్.

ఖాదర్ సైటు తెరిచాడు. పాస్‌వర్డు అడిగే చోటికి వచ్చేసరికి కీబోర్డు రేష్మా ముందుకు జరిపి, కుర్చీ ఆమెకిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నువ్వే పెట్టు మా. ఎవురికీ చెప్పొద్దు. నాకూ చెప్పొద్దు."

నేనూ తిరిగాను. మహబూబ్ ఇంకా తెర వైపే చూస్తున్నాడు.

"మామా, నువ్వు కూడా."

"నా బిడ్డే కదప్పా."

"అయినా తిరుగు."

సున్నం పెచ్చులూడిన గోడ. ముగ్గురు మగవాళ్ళం దాన్నే చూస్తూ నిలబడ్డాం. వెనక కీబోర్డు మీద ఒక్కో అక్షరం ఆగి ఆగి పడుతోంది. మధ్యలో ఒకసారి అంతా చెరిపి మళ్ళీ మొదటినుంచి కొట్టింది. ఎంతసేపైనా ఎవరం తొందరపెట్టలేదు.

"అయిపోయింది. ఇంగ తిరగండి" అంది రేష్మా.